ఎత్తు చూసి కొన్న కెపాసిటర్

మా ఆయన ఫోటోగ్రాఫర్. ఇన్నేళ్లుగా జనాన్ని వరసల్లో నిలబెట్టి, పొడుగువాళ్లని వెనక్కీ పొట్టివాళ్లని ముందుకీ తోసిన మనిషి. మా ఇంట్లో చెప్పులు కూడా సైజు ప్రకారమే ఉంటాయి. అలాంటాయన పాతకాలపు గాజు ట్యూబులతో ఆంప్లిఫయర్ కడతానని భోజనాల బల్ల ఆక్రమించుకుంటే, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినడం నేనే అలవాటు చేసుకున్నాను.

ఆయన మొదలుపెట్టినవన్నీ అటక మీదే ఉన్నాయి. సగం పడవ, ముప్పావు గడియారం. వాళ్లక్క, అంటే మా వదిన, వచ్చినప్పుడల్లా అటకకేసి చూసి, "ఒక్కటైనా పూర్తి చేశావురా?" అంటుంది. చిన్నప్పటి నుంచీ అదే మాటట. ఈయన నవ్వేస్తారు గానీ ఆ పూట సరిగ్గా తినరు. ఈసారి మాత్రం ఆవిడకి పాట వినిపించి తీరాలని పంతం పట్టారు.

కెపాసిటర్లు కొనడానికి నన్నూ లాక్కెళ్లారు. కరెంటులో ఒడుదుడుకుల్ని చదును చేసే డబ్బాలవి. "దీనికి నాలుగువందల యాభై వోల్టులది కావాలండీ" అంటూ కొట్టతను పొడుగ్గా, లావుగా ఉన్నదాన్ని తీశాడు. మా ఆయన మొహం చిట్లించి మూడువందల యాభైది తీసుకున్నారు. ఎందుకంటే, అది ట్యూబుతో సరిసమానంగా ఎత్తుందట!

"వెనక వరసలో ఒక్క తలే పైకి లేస్తే ఏం బాగుంటుంది?" అన్నారు.

దాన్ని తెచ్చి, వెలిగితే సెగలు కక్కే ట్యూబుల మధ్య ఇరికించారు. చిన్న కెపాసిటర్లని ముందు వరసలో, అంకెలు కనబడేలా, మూరెడేసి తీగలతో కూర్చోబెట్టారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాదనను.

వదిన వచ్చి కూర్చున్నాక స్విచ్ వేశారు. ముందు కందిరీగల గుంపు లేచినట్టు ఒకటే రొద. ఆపైన ఫట్‌మని పేలి, గదంతా ఘాటు వాసన.

"ఇదీ అటకెక్కినట్టేనా?" అంది వదిన.

నాకు ఒళ్లు మండింది. ఆ మాట నేను రోజుకి పదిసార్లు అంటాను, కానీ ఆవిడ అంటే ఎలా ఊరుకుంటాను?

"ఎక్కదు వదినా, రేపు వినండి" అని, ఈయన వైపు తిరిగాను. "అవి ఫోటోకి నిలబడ్డ చుట్టాలు కాదండీ. వాటికి ఎక్కడ బాగుంటే అక్కడ పెట్టండి."

ఆయన ప్లగ్గు పీకి, డబ్బాల్లో మిగిలిన కరెంటుని రెసిస్టరుతో దింపేసి, అంతా విప్పారు. మర్నాడు ఆ లావుపాటిదే తెచ్చి, ట్యూబులకి దూరంగా ఓ మూల బిగించారు. చిన్నవాటి తీగలు కురచగా కత్తిరించి, పెట్టె అడుగున ట్యూబుల కాళ్ల దగ్గరే అతికించారు. ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా. ఆయన ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకు తెలుసు.

ఈసారి రొద లేదు. పాటలో గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. రికార్డు అయిపోయేదాకా వదిన కదల్లేదు.

ఈయన మాత్రం ప్లగ్గు తీసి, పెట్టె తిరగేసి, "ఆ చివరిదొక్కటి వంకరగా ఉందక్కా, సర్దేస్తాను" అంటూ సోల్డరింగ్ ఐరన్ అందుకున్నారు. వదిన లేచి దాన్ని లాక్కుంది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. అయిపోయిందిరా ఇది. నేను విన్నాను."

యాభై దాటిన మనిషి, అక్క ముందు నిలబడి బావురుమన్నారు.