చుట్టలాయనకి అప్పగించిన సంచి

విమానాశ్రయంలో ఆయన్ని అందరూ చుట్టలాయన అనేవారు. ఆ పేరు విని కొత్తవాళ్లు పొగ తాగే మనిషేమో అని రెండడుగులు దూరంగా నిలబడేవారు గానీ, జన్మలో ఒక్క దమ్ము లాగి ఎరగడు. ప్రయాణికుల పెట్టెలకి పల్చటి ప్లాస్టిక్ చుట్టడం ఆయన పని. మూడో నంబరు తలుపు పక్కన ఒక గుండ్రటి తిరుగుడు బల్ల, దాని వెనక ఒక స్టూలు, ఒక చిన్న అర. పదకొండేళ్లుగా ఆయన సామ్రాజ్యం అంతే.

పెట్టె చేత్తో ఎత్తి బరువు చెప్పేవాడు. కౌంటర్లో తూకం వేస్తే పావుకిలో కూడా అటూ ఇటూ అయ్యేది కాదు. "అమ్మా, రెండు కిలోలు ఎక్కువుంది, ఆ బూట్లు తీసి కాళ్లకి వేసుకోండి" అనేవాడు. "బాబూ, ఫోన్‌కి పెట్టే బ్యాటరీ పెట్టెలో ఉంచకు, చేతి సంచిలో పెట్టుకో. కత్తెర చేతి సంచిలో వద్దు, పెట్టెలో వేసేయ్" అనేవాడు. ఆయన మాట విన్నవాళ్లు లోపల ఇబ్బంది పడలేదు. విననివాళ్లు పెట్టె మోసుకుంటూ మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవారు. తనని అడగడానికి మనుషులు వస్తారన్న గర్వం ఆయనకి లోలోపల ఉండేది. ఆ గర్వమే ఆ రోజు కొంప ముంచింది.

ఆ రోజు మధ్యాహ్నం ఒకావిడ చెమటలు కక్కుతూ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆడపిల్లల బళ్లో వడ్రంగం పని నేర్పే టీచరు. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో ముతక గుడ్డ సంచి. ఆ సంచి బరువుకి ఆవిడ భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది.

"అన్నా, పెట్టెలో పెడితే బరువెక్కువైంది అంటున్నారు. దానికి వాళ్లు అడిగేది నా టికెట్టు కన్నా ఎక్కువుంది. చేత్తో పట్టుకెళ్తానంటే పదునైనవి లోపలికి రానివ్వం అంటున్నారు. సామాన్ల గదిలో దాచమంటే వాళ్లూ ఉలులూ రంపాలూ పుచ్చుకోరట. ఏం చెయ్యను?"

సంచిలో ఉన్నవి ఆవిడ తండ్రి పనిముట్లు. ఉలులు, రెండు చిత్రికలు, చిన్న రంపం. ఆ పెద్దాయన చేతుల్లో నలభై ఏళ్లు నలిగి పిడులు నల్లగా నున్నబడ్డాయి. ఫ్యాక్టరీలో నడుం దెబ్బ తగిలి ఉద్యోగం పోయిన తమ్ముడు కూర్చుని చేసే వడ్రంగం మొదలుపెడదామనుకుంటున్నాడు, అతని కోసం తీసుకెళ్తోంది.

"ఎప్పుడు తిరిగొస్తారమ్మా?"

"పద్దెనిమిది రోజులకి."

"అయితే ఇక్కడ పెట్టి వెళ్లండి. సాయంత్రం మా ఇంటికి పట్టుకుపోతాను. మీరొచ్చిన రోజు తెచ్చిస్తాను."

ప్రయాణికుల సామాను దగ్గర పెట్టుకోకూడదని ఆయన మెడలో వేలాడే పాసు వెనకే రాసుంది. ఆయనకి తెలియక కాదు. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి, పెద్దమనిషి అనిపించుకోవాలనిపించింది. ఆవిడ కాగితం మీద తన ఫోన్ నంబరు రాసిచ్చి, ఆయనది రాసుకుని, రెండు చేతులూ జోడించి, పరుగున వెళ్లిపోయింది.

సంచి అరలో పట్టలేదు. బల్ల కింద పెట్టాడు. అంతలో నలుగురైదుగురు పెద్ద పెట్టెలతో వచ్చి కాలు పెట్టే చోటు లేకుండా చేశారు. సంచిని పక్కనున్న స్తంభానికి ఆనించాడు. వాళ్లు వెళ్లాక మళ్లీ లోపల పెడదాం అనుకున్నాడు. ఆ పూట పనివాళ్ల క్యాంటీన్‌లోని టీవీలో ఫుట్‌బాల్ ఆట జరుగుతోంది. ఒక్క ఐదు నిమిషాలు చూసొద్దామని వెళ్లాడు. వెళ్లేటప్పుడు సంచి మాటే గుర్తు రాలేదు.

ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. తిరిగొచ్చేసరికి హాలు సగం ఖాళీ. పసుపు పట్టీలు కట్టి జనాన్ని అద్దాల అవతలికి తోసేస్తున్నారు. స్తంభం చుట్టూ పెద్ద జాగా వదిలేశారు. మధ్యలో ఆ ముతక సంచి ఒక్కటే నిలబడి ఉంది. 

సొంతదారు లేని సామాను కనబడితే ధ్వంసం చేస్తామని రోజుకి వందసార్లు మైకులో చెప్తారు. పదకొండేళ్లుగా వింటున్నాడు, గోడ గడియారం చప్పుడు విన్నట్టు.

ఆ స్తంభం మూల కెమెరాకి అందదట. భద్రతాధికారి ఒక్కొక్క దుకాణం వాణ్ణీ పిలిచి అడుగుతున్నాడు. పొట్టిగా, ఓపిగ్గా మాట్లాడే మనిషి. ఈయన దగ్గరికీ వచ్చాడు.

"నీ బల్ల పక్కనే ఉంది. ఎవరు పెట్టారో చూశావా?"

'నాదేనండీ' అనాలి. ఒక్క మాట. అది నాలిక చివరిదాకా వచ్చింది. పాసు పోతుంది, పని పోతుంది, ఇంత గొడవకి కారణం వీడేనని అందరూ వేలు పెట్టి చూపిస్తారు. 

"తెలీదు సార్. క్యాంటీన్‌కి వెళ్లాను."

రెండో మాట నిజమే కావడంతో మొదటిదీ నిజంలా వినిపించింది. అధికారి రాసుకుని వెళ్లిపోయాడు. యంత్రంలో చూస్తే సంచి నిండా ఇనుము కనబడిందట. లావుపాటి కవచాలు తొడుక్కున్నవాళ్లు వచ్చారు. అద్దాల అవతల, జనం మధ్యలో, ఆయన కూడా నిలబడ్డాడు. అనుమానపు సంచుల్ని నీటి ధాటితో చీల్చే గొట్టం పేల్చారు. గట్టిగా ఒక చప్పుడు, దాంతో పాటే నీళ్లు ఎగజిమ్మాయి. చెక్క ముక్కలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. పక్కనున్న ఎవరో "అబ్బే, బాంబు కాదర్రా, వడ్రంగి సామాను" అని నవ్వారు. ఆయన మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున భార్యకి చెప్పాడు. ఆవిడ ఇంట్లోనే ఇస్త్రీ చేస్తుంది. ముందు గదంతా వాళ్ల వీళ్ల చొక్కాలు. విని, ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

"ఆవిడకి ఫోన్ చెయ్యండి."

"చేసి ఏం చెప్పను?"

"జరిగింది చెప్పండి. ఇంకేం చెప్తారు?"

మంచం మీద కూర్చున్న అత్తగారికి చెవులు సరిగా వినబడవు. "ఏం పేలిందే? కుక్కరా?" అని అడిగింది. "కాదమ్మా, మీ అల్లుడు" అంది కూతురు.

ఆయన రోజూ నంబరు నొక్కేవాడు. అవతల మోగకముందే పెట్టేసేవాడు. ఫోన్ చేస్తే కనీసం తమ్ముడికి ఆశ పెట్టకుండా ఉంటుందావిడ, అని భార్య నాలుగుసార్లు అంది. ఐదోసారి అనడం మానేసింది. ఆ మానెయ్యడం ఆయనకి తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. పెట్టెలు ఎత్తి చెప్పే బరువులు తప్పడం మొదలైంది. ఎవరైనా సలహా అడిగితే "కౌంటర్లో అడగండి" అనేవాడు.

పద్దెనిమిదో రోజు ఆవిడ వచ్చింది. దూరం నుంచే నవ్వింది.

"అన్నా, మీ మేలు మర్చిపోను. మా తమ్ముడు వరండాలో చోటు ఖాళీ చేసుకుని బల్ల కూడా వేయించుకున్నాడు. ఇక్కణ్ణుంచి వాళ్ల ఊరెళ్లే లారీలో పంపించేస్తాను. సంచి ఇంట్లో ఉందా?"

"పోయిందమ్మా" అన్నాడు. "ఎవరో... ఎత్తుకుపోయారు."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి తనే తేరుకుంది.

"పోనీలెండి. ముక్కూ మొహం తెలియని మీ నెత్తిన పెట్టడం నాదే తప్పు. నా మూలంగా మీరెంత మనసు కష్టపెట్టుకున్నారో!"

తన్నినా పడేవాడు. ఆ మాట పడలేకపోయాడు. 

"అబద్ధమమ్మా. ఎవరూ ఎత్తుకుపోలేదు." ఇంక ఆగలేదు. స్తంభం, ఆట, అధికారి అడగడం, తెలీదనడం, పద్దెనిమిది రోజుల ఫోన్లు, అన్నీ చెప్పేశాడు.

 "పగలగొడుతున్నప్పుడు మీరు అక్కడే ఉన్నారా?" అందావిడ.

"ఉన్నానమ్మా."

"చూస్తూ?"

ఆయన స్తంభం వంక చూశాడు.

"పదండి, ఆ అధికారి దగ్గరికి" అని లేచింది.

అధికారి అంతా విని, ఈయన వంక చూశాడు. "నేను నిన్నే అడిగాను కదయ్యా? ఆ రోజు రెండు విమానాలు ఆపేశాం. ఒక ముసలాయన చక్రాల కుర్చీలో మూడు గంటలు ఎండలో ఉన్నాడు." కోపంగా కూడా అనలేదు. పాసు తీసి బల్ల మీద పెట్టమన్నాడు. పదకొండేళ్లు మెడలో ఉన్న తాడు తీస్తుంటే చొక్కా కాలరుకి చిక్కుకుంది. ఆవిడే విడదీసింది.

లోపలి గదిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. పిడులు లేని ఇనుప ముక్కలు. ఉలులు ఆరు, చిత్రిక బ్లేళ్లు రెండు, వంగిపోయిన రంపం. ఆవిడ ఒక్కొక్కటీ తీసి బొటనవేలితో తడిమింది. సంతకం పెట్టి, కవరు పెట్టెలో వేసుకుని బయటికి నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు.

"నన్ను క్షమించండమ్మా."

"ఇప్పుడు నావల్ల కాదన్నా" అంది. "నిజం చెప్పారు, అది చాలు అనాలని ఉంది. కానీ ఆ పిడులు మా నాన్న చెక్కుకున్నవి." ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆయనకి బస్సు స్టాండు దగ్గర పార్సిల్ ఆఫీసులో పని దొరికింది. జీతం తక్కువ, దుమ్ము ఎక్కువ. అడిగినవాళ్లకి ఎందుకు మానేశాడో ఉన్నదున్నట్టే చెప్పేవాడు. కొందరు నవ్వేవారు, కొందరు "చెప్పకపోతే నీ ఉద్యోగం ఉండేదిగా" అని జాలిపడేవారు.

నాలుగు నెలలకి ఒక ఆదివారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. టీచరమ్మ తమ్ముడు. నంబరు అక్కని అడిగి తీసుకున్నాడట.

"ఆరు ఉలుల్లో నాలుగు పనికొచ్చాయండి. కొత్త పిడులు వేశాను. రెండింటికి అంచు విరిగింది. మీకు చెప్పాలనిపించింది. నిన్న మొదటి స్టూలు అమ్మాను."

 అవతల "హలో? హలో?" అంటున్నాడు. భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఫోన్ అందుకుంది.

"ఉన్నారు బాబూ, ఇక్కడే ఉన్నారు. ఏడుస్తున్నారు. అక్క ఎలా ఉంది?"

"బాగుంది. మీ ఊసెత్తితే మాత్రం ఇంకా మాట్లాడదండీ."

"మాట్లాడకపోనీ. నడుం నొప్పి ఎలా ఉంది నీకు? కింద కూర్చోకు, ఎత్తు పీట వేసుకో" అంటూ ఆవిడ మంచం అంచున కూర్చుంది. ఆయన గోడ వైపు తిరిగి, ఎవరిదో చొక్కా తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాడు.