మంచు కప్పిన సైనికుడు

కెనడాలోని హాలిఫాక్స్‌లో మేం బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. పైన ఇంటి ఓనర్, పోలండ్ నుంచి వచ్చిన పెద్దాయన, ఒక్కరే ఉండేవారు. వయసులో ఉండగా రేవులో ఓడలకు రంగులు వేశారట. తర్వాత జీవితమంతా యుద్ధాల బొమ్మలే వేశారు. సైనికుల భోజనశాలల గోడలకు అవి వెళ్లేవి. ఫొటో చూసి ముఖం వేయడం ఆయనకు నచ్చదు. ఎదురుగా మనిషి ఉండాల్సిందే. అందుకే ఆయన వేసిన యుద్ధాల్లో చనిపోయినవాళ్లంతా మా వీధివాళ్లే: బస్ డ్రైవరు, మంగలి, చేపల కొట్టతను.

కిందటి చలికాలం, చాలా రోజుల తర్వాత ఒక ఆర్డరు వచ్చింది. వయసు వల్ల చేతులు వణుకుతున్నాయి. ఇదే ఆఖరిదని ఆయనకు తెలుసు. బొమ్మలో మంచులో పడివున్న సైనికుడు, మోకాళ్ల మీద కూర్చుని అతనికి నీళ్లు పట్టే ఇంకొకడు. నీళ్లు పట్టేవాడి ముఖం మా ఆయనది. పడినవాడికి మనిషి దొరకలేదు. వీధిలో పాతవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"నువ్వే పడుకో. మీసం తీసేసి ఇంకొకడిలా వేస్తా," అన్నారు మా ఆయనతో.

"పడుకోవడమే కదా అంకుల్, ఆదివారం నేను చేసేది అదేగా!" అన్నాడు మా ఆయన.

"చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఏం మాటలండీ అవి? శవంలా పడుకుంటారా? నేనొప్పుకోను," అన్నాను తెలుగులో, పాపను గట్టిగా పట్టుకుని.

మా ఆయన నవ్వుతూ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన నవ్వలేదు. "మా అమ్మా ఇంతే. ఆటకైనా చచ్చినట్టు పడుకోనిచ్చేది కాదు," అన్నారు.

కొన్నాళ్లకు పిలిచి బొమ్మ చూపించారు. పడివున్న మనిషి లేడు. ఆ చోటంతా మంచే.

"చాలామందిని చంపాను. ఈసారికి వద్దనిపించింది."

నా ప్రాణం కుదుటపడింది. వెంటనే భయమూ వేసింది. "మరి వాళ్లు తీసుకుంటారా అంకుల్?"

"చూద్దాం."

తీసుకోలేదు. పడినవాడు లేని యుద్ధం బొమ్మ మాకెందుకని తిప్పి పంపేశారు. అప్పటికే ఆయన కూతురు ఆయన్ను వృద్ధుల హోమ్‌లో చేర్చింది. "నాన్నకు చెప్పొద్దు," అని బొమ్మ మాకు ఇచ్చేసింది.

ఇప్పుడది మా హాల్లో ఉంది. పాప వేలు చూపించి "డాడీ" అంటుంది. డాడీ మంచులోకి నీళ్లు వంచుతూనే ఉంటాడు.

హోమ్‌కు వెళ్లినప్పుడల్లా ఆయన మొదట అదే అడుగుతారు.

"గోడకు ఎక్కించారా?"

"ఎక్కించారు అంకుల్."

"వెలుతురు ఎటునుంచి పడుతోంది?"

మాకున్నది ఒకటే కిటికీ. "ఎడమ పక్క నుంచి," అంటాను.

ఆయన కళ్లు మూసుకుంటారు. "మంచి గోడే ఇచ్చారు," అంటారు.