గ్లాస్ ఫెర్రీ మూడో రికార్డు

నోరీన్ గార్బట్ కూర్చోగా చూసినవాళ్ళు ఇంగ్లండులోని హల్ ఊళ్ళో లేరని అనుకునేవారు. బడి వంటశాలలో పనిచేసినన్నాళ్ళూ ఆ గుణం ఎవరికీ తప్పుగా కనబడలేదు. వందలమంది పిల్లలకు బంగాళాదుంపలు మెదిపి పెట్టేచోట కూర్చునే తీరిక ఎవరికుంటుంది? మోకాలు పట్టేసి ఆ పని మానుకున్నాకే చిక్కొచ్చి పడింది. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. సోఫాని ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపేది, మర్నాడు మళ్ళీ యథాస్థానానికి తెచ్చేది. అదీ విసుగొస్తే బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చేది.

"అమ్మా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కాసేపు కుదురుగా ఉండలేవా?" అనేది కూతురు కెర్రీ.

"ఉన్న కుదురంతా మీ నాన్నే పట్టుకుపోయాడే. ఆయన టీవీ ముందు కూర్చుంటే పిడుగు పడ్డా లేచేవాడు కాదు," అనేది నోరీన్. ఆ మొగుడు ట్రెవర్ లేచింది జీవితంలో ఒక్కసారే. లేచి, స్కార్‌బరోలో ఒకావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చి నెలలో ఒకరోజు బజారులో, పాత రికార్డులమ్మే కొట్టు గోడమీద ఆమెకొక కాగితం కనబడింది. "గ్లాస్ ఫెర్రీ. మూడు రికార్డులు, మూడు ఆదివారాలు. అప్పుడు విన్నది మళ్ళీ విందాం రండి." నోరీన్ చేతిసంచీ కింద పెట్టి, ఆ రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివింది.

గ్లాస్ ఫెర్రీ అంటే ఆ ఊరి కుర్రాళ్ళు నలుగురు కట్టిన పాటల బృందం. ఎనభైల్లో ఒక వేసవంతా దేశమంతా వాళ్ళ పాటే ఈలవేసింది. ఆ తర్వాత వాళ్ళ పేరు చెబితే, "ఓడ కంపెనీయా?" అని అడిగే రోజులొచ్చాయి. ఆ వేసవిలో నోరీన్ బిస్కెట్ ఫ్యాక్టరీలో చేరిన కొత్త. ఆమె స్నేహితురాలు బెవ్ స్టాంపర్ చేపలు కోసే షెడ్డులో పనిచేసేది. ఇద్దరూ జుట్టు నిక్కబొడిచి, గాయకుడిలాగే మెడకి నీలం రిబ్బను కట్టుకుని, లీడ్స్ దాకా, లింకన్ దాకా వాళ్ళ వెంట తిరిగేవారు. ఎంత కడిగినా బెవ్ చేతుల్లో చేప వాసన పోయేది కాదు. నోరీన్ తన సెంటులో సగం ఆమె చేతులకే పోసేది.

మొదటి రికార్డు గంతులు, రెండోది ప్రేమలు. మూడో రికార్డు 'వింటర్ టైమ్‌టేబుల్' వచ్చేసరికి వాళ్ళకేమయిందో ఎవరికీ తెలియలేదు. డ్రమ్ముల్లేవు. హార్మోనియంలాంటిదేదో మూలుగుతుంటే గాయకుడు చలికి వణుకుతున్నట్టు పాడాడు. ఎనభై ఆరు చలికాలంలో ఊళ్ళో పెద్ద హాల్లో వాళ్ళు ఆ రికార్డు ఒక్కటే వాయించారు. జనం ముందు గొణిగారు, తర్వాత దిగిపొమ్మని ఈలలు వేశారు. నోరీన్ లేచింది. "పదవే, నా వల్ల కాదు," అంది. బెవ్ కదల్లేదు, పలకలేదు. నోరీన్ ఒక్కతే బయటికొచ్చి వానలో ఇంటికి నడిచింది.

మర్నాడు బస్టాపు దగ్గర మాటామాటా పెరిగింది.

"చివరిదాకా ఎలా కూర్చున్నావే ఆ ఏడుపుగొట్టు పాటలకి?"

"నీకు చెవులుంటేగా! దబదబా మోత ఉంటే చాలు నీకు, గెంతడానికి."

"అబ్బో, తమరికి అర్థమయిందా?"

"అంతా అర్థమయింది. వినడం రాని వాళ్ళకి చెప్పినా దండగ."

ఇద్దరం ఒకే చెవులతో వింటున్నామని అంతవరకూ నమ్మిన నోరీన్‌కి ఆ మాట మేకులా దిగింది. ఆమె కూడా అనరానివి అంది. బెవ్ పెళ్ళికి వెళ్ళలేదు. బెవ్ సముద్రపు ఒడ్డున విదర్న్‌సీకి కాపురానికి పోయిందని ఎవరో చెబితే విని ఊరుకుంది. కానీ ఆ మేకు మాత్రం ఊడలేదు. దానికి అర్థమయింది నాకెందుకు అర్థం కాలేదు? ఆ రికార్డు కొని ఎన్నోసార్లు పెట్టింది. ఒక వైపు పూర్తయ్యేలోపే ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేది.

ఆదివారాల గోష్ఠి స్ప్రింగ్ బ్యాంకు వీధిలో ఒక పబ్బు మేడమీద జరిగింది. నడిపేది క్లైవ్ అటింగ్ అనే మనిషి. భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు, ఆదివారం కూడా టై కడతాడు. మొదటి వారం బట్టతలలూ తెల్లజుట్లూ కలిసి గొంతెత్తి పాడాయి. రెండో వారం కొంత వాదన, ఎక్కువ బీరు. మూడో వారం వెళ్ళకూడదనుకుంటూనే నోరీన్ వెళ్ళి, కిటికీ పక్కన నిలబడింది.

క్లైవ్ గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా, ఇది కాలానికి ముందే పుట్టిన రికార్డు. మనం దీనికి అన్యాయం చేశాం."

అందరూ తలలూపారు. నోరీన్‌కి ఒళ్ళు మండింది. "ఏం మాస్టారూ, ఆ రోజు మీరు హాల్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

"ఏం చేశారు?"

క్లైవ్ టై సర్దుకున్నాడు. "ఈలలు వేశాను. దిగిపొమ్మని అరిచాను కూడా."

గది గొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆయనే మెల్లగా అన్నాడు. "అప్పుడు మా నాన్న బతికున్నాడు. నాకే దిగులూ లేదు. ఇప్పుడు వింటే ఇంకోలా ఉంది. అంతకంటే చెప్పడం నాకు రాదు."

"ఒక్క మనిషికి మాత్రం అది ఆ రోజే అర్థమయింది," అంది నోరీన్. "బెవ్ స్టాంపర్ అని. మీరు ఈలలేస్తుంటే అది కదలకుండా కూర్చుని విన్నది."

"అయితే ఆవిణ్ణి తీసుకురండి! వచ్చే వారం కూడా పెట్టుకుందాం. ఆవిడ మాట మనమంతా వినాలి," అన్నాడు క్లైవ్.

"విదర్న్‌సీ బెవ్వేనా?" అంది మూలనున్న ఒకావిడ. "చేపల కొట్టు ఆవిడ? మొన్న వేసవిలో అక్కడే తిన్నాం."

రికార్డు మొదలైంది. రెండో పాట కాకముందే నోరీన్ కోటు తగిలించుకుని మెట్లు దిగింది. విదర్న్‌సీ బస్సెక్కింది. దారిలో హెడన్ దగ్గర, ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నానని దిగిపోయింది. షెల్టరులో అటూ ఇటూ తిరిగింది. వెనక్కిపోయే బస్సు వచ్చి ఆగితే ఎక్కలేదు. తర్వాత వచ్చిన ముందుకెళ్ళే బస్సెక్కింది.

కొట్లో మధ్యాహ్నం గిరాకీ అప్పుడే తగ్గింది. నూనె మూకుళ్ళ వెనక తెల్లటోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి తలెత్తకుండానే, "ఏం కావాలమ్మా?" అంది.

"ఒక బంగాళాదుంప పాటీ, చిప్స్. ఎర్రకారం బాగా చల్లి."

గరిటె ఆగింది. ఆ గొంతు గుర్తుపట్టి బెవ్ తలెత్తింది. "కాళ్ళల్లో ముల్లు ఇంకా తీయించుకోలేదా నువ్వు? అలా ఊగకు, కౌంటరు అద్దం పగులుతుంది."

నోరీన్ వచ్చిన పని ఒక్క గుక్కలో చెప్పేసింది. మాస్టారి సంగతి, ఈలల సంగతి. "వాళ్ళకి ఇన్నేళ్ళు పట్టిందే. నీకు ఆ రోజే తెలిసింది. ఏం వినబడిందే నీకు?"

బెవ్ కౌంటరు మీద వాలి నవ్వసాగింది. టోపీ జారిపడేదాకా నవ్వింది. "నిద్రపోయానే పిచ్చిదానా! రెండో పాటకే కళ్ళు మూతలు పడ్డాయి. హాలు ఊడ్చేవాడొచ్చి లేపాడు."

"మరి నాతో అన్నీ అర్థమయ్యాయన్నావు!"

"పొద్దున్నే మీదికొచ్చావుగా, మీ గ్లాస్ ఫెర్రీని నేనే ముంచేసినట్టు. నిద్రపోయానంటే జన్మంతా ఎగతాళి చేసేదానివి." బెవ్ కళ్ళు తుడుచుకుంది. నవ్వు పోయి గొంతు మారింది. "అమ్మ మంచాన పడింది అప్పుడు. షెడ్డులో రెండు షిఫ్టులు చేస్తున్నా. నీకు చెప్పలేదు. నువ్వు అడగనూ లేదు."

నోరీన్ బయటికొచ్చేసింది. సముద్రం ఎదురుగా గాలి చెంపలు వాయిస్తోంది. లేని దాని మీద ఇన్నేళ్ళు అసూయపడ్డాను అనుకుంటే నవ్వొచ్చింది. బెవ్ వాళ్ళమ్మ గుర్తొస్తే ఆ నవ్వు ఆగిపోయింది. ఆవిడ తన రిబ్బనుకి అంచు కుట్టిపెట్టిన మనిషి. ఒడ్డు గోడ వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంటే బెవ్ పొట్లం పట్టుకుని వెనకాలే వచ్చింది.

"తిను, చల్లారుతోంది. నీతో పరిగెత్తలేను, నాకూ మోకాళ్ళున్నాయి."

"అమ్మ ఎప్పుడు పోయింది?"

"ఆ వసంతంలోనే."

నోరీన్ పొట్లం అందుకుంది. "అడగాల్సింది నేను," అంది. బెవ్ పొట్లంలోంచి ఒక చిప్స్ ముక్క తీసుకుని తింది.

మరుసటి ఆదివారం బెవ్ మంచి గౌను వేసుకుని పబ్బు మేడ ఎక్కింది. క్లైవ్ ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. "ఆ రోజు మీకేమనిపించిందో చెప్పండమ్మా," అన్నాడు భక్తిగా.

"గురకపెట్టాను నాయనా," అంది బెవ్. "ఇప్పుడే మొదటిసారి వినబోతున్నా. పెట్టు, చూద్దాం."

మాస్టారి మొహం చూడలేక నోరీన్ టీ తెస్తానని కిందికెళ్ళింది. పళ్ళెం పట్టుకుని పైకొస్తూ మెట్ల మలుపులో ఆగిపోయింది. తలుపు మూసి ఉంది. హార్మోనియం మూలుగులన్నీ లోపలే ఉండిపోయి, గాయకుడి గొంతొక్కటే సన్నగా బయటికొస్తోంది. చరణానికీ చరణానికీ మధ్య అతను ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. తర్వాతి మాట దొరుకుతుందో లేదోనన్న తత్తర ఆ ఊపిరిలో ఉంది. పాతికేళ్ళు కూడా లేవు అప్పుడు వాడికి. వీడూ నాలాంటివాడే, ఎక్కడా నిలవలేనివాడు, అనుకుంది నోరీన్. రికార్డు ఒక వైపు పూర్తయ్యేదాకా ఆమె మెట్లమీదే నిలబడి విన్నది.

లోపల బెవ్ గొంతు లేచింది. "ఇది పాటా, పొగగొట్టంలో గాలా? రెండోది ఫరవాలేదు. మిగతావాటికి మళ్ళీ నిద్రొస్తోంది."

"అమ్మా, కాస్త ఓపిక పట్టండి..."

"ఓపిక మీరు పట్టండి మాస్టారూ. ఆ రోజు ఈలేసినవాళ్ళకి బుద్ధుంది. నోరీన్ ఏదీ? మళ్ళీ పారిపోయిందా?"

"ఇక్కడే ఉన్నానే! నోర్మూసుకుని వినవే!" అని మెట్ల మీంచే అరిచింది నోరీన్.

ఆ తర్వాత ఆమె కుదురుకుందని చెబితే అబద్ధమవుతుంది. సోఫా ఇప్పటికీ గోడలు మారుతూనే ఉంది. కాకపోతే శుక్ర, శనివారాలు విదర్న్‌సీ వెళ్ళి బెవ్ కొట్లో కౌంటరు చూస్తోంది. గిరాకీ లేనప్పుడు 'వింటర్ టైమ్‌టేబుల్' పెడుతుంది. బెవ్ వచ్చి ఆపేస్తుంది. "చేపలు చెడిపోతాయే ఆ ఏడుపుకి," అంటుంది. నోరీన్ మళ్ళీ పెడుతుంది. చిప్స్ కోసం వచ్చినవాళ్ళు ఇద్దరిలో ఎవరి పక్షం వహించాలో తెలియక, పొట్లాలు పట్టుకుని త్వరగా బయటపడతారు.