వీసా లేని ముంగిస

మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికి జారడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో దుబాయ్‌లో ఉద్యోగం దొరకడమే గొప్ప. నాకు దొరికింది. కోనసీమలో మా అమ్మ "మావాడు దుబాయ్‌లో ఆఫీసరు" అని చెప్పుకునేది గానీ, నేను చేసేది అల్ ఖూజ్‌లోని ఒక చిన్న కంపెనీ తరఫున బొద్దింకల మందు కొట్టే పని (ఎక్కువగా ఆఫీసుల్లోనే కొట్టేవాణ్ణి కాబట్టి అమ్మ మాట పూర్తిగా అబద్ధం కాదు). ప్రొబేషన్ ముగియబోతుండగా మా ముదీర్ (అక్కడ మేనేజర్ని అలాగే అంటారు) పిలిచి పెద్ద పని అప్పగించాడు. ఖరీదైన విల్లాల మధ్య తవ్విన కాలువ ఒకటుంది. దాని గట్టున బాతులు పెట్టే గుడ్లన్నీ ఒక ముంగిస తినేస్తోంది. అది అక్కడి జంతువు కాదు, ఏ సరుకు పడవలో మన వైపు నుంచి వచ్చి దిగిందో ఎవరికీ తెలియదు. వీసా లేదు, పూచీ పడే కఫీల్ లేడు, మెడికల్ టెస్టు లేదు, పొద్దున్నే బాతుగుడ్ల టిఫిను. మా లేబర్ క్యాంపులో అందరికంటే దాని బతుకే బాగుందనిపించేది.

"పట్టావా, నీ ఉద్యోగం పర్మనెంటు. పట్టలేదా, టికెట్టు నేనే కొనిస్తాను" అన్నాడు ముదీర్. ఆయనదీ మా గోదావరి జిల్లాయే, కానీ మెడలో టై పడ్డాక ఆ సంగతి మరిచిపోయాడు. అమ్మకి ఫోన్ చేసి చెబితే ఇంతెత్తున లేచింది. "ముంగిస ఎదురొస్తే ఎంత మంచిదిరా! అలాంటిదాన్ని ఎవడైనా బోనులో పెడతాడా, బుద్ధిలేనోడా!" "పెట్టకపోతే పెట్టె పట్టుకుని నేనే నీకు ఎదురొస్తానమ్మా" అన్నాను. "అయితే దెబ్బ తగలకుండా పట్టు" అంది అమ్మ.

బోనులు మోయడానికి నాకు తోడిచ్చింది మేమంతా జగిత్యాల అన్న అని పిలిచే ఆయన్ని. అన్నకి జీవితంలో ఒకే కోరిక, డ్రైవింగ్ లైసెన్సు. అది వస్తే హెల్పర్ నుంచి డ్రైవర్ అవుతాడు. రోడ్ టెస్టు ఎన్నిసార్లు తప్పాడో లెక్కపెట్టడం ఆయనే మానేశాడు. బోనులో ఉడికిన గుడ్డు పెడితే ముంగిస వాసన చూసి వెళ్ళిపోయేది. చివరికి అన్న వేయించిన చేప తలకాయ పెట్టాం. ఒక తెల్లవారుజామున వెళ్ళి చూద్దును కదా, లోపల కూర్చుని మూతి తుడుచుకుంటోంది! ఆనందంతో ముదీర్‌కి ఫోన్ చేశాను. "నేనొచ్చి చూసేదాకా కదిలించకు" అన్నాడు. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే, ఇస్త్రీ చొక్కాలో, నుదుట బొట్టుతో అన్న. ఆ రోజే ఆయన టెస్టు.

"తమ్మీ, జెర దాన్ని ఇడిసిపెట్టు" అన్నాడు.

"అన్నా, చూశావు కదా, శకునం అయిపోయింది. వెళ్ళు."

"బోన్ల ఉన్నదాన్ని సూస్తే ఏం ఫాయిదా? ఎదురు రావాలె గదా! గిటు నుంచి ఉర్కుతది, అటుపక్క ఇంకో బోను పెట్టి చేప తలకాయ ఏద్దాం. నా ముంగట నుంచి పోయి అండ్ల దూరుతది. ఖలాస్!"

ఆ పథకం ఎంత తెలివైనదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు అన్న కళ్ళు చూసి కాదనలేకపోయాను. పైగా, నిజం చెప్పొద్దూ, చూడాలని నాకూ సరదాగానే ఉంది. అన్న చేతులు జోడించి గట్టు మీద నిలబడ్డాడు. నేను బోను వెనక్కి వెళ్ళి తలుపు ఎత్తాను. ముంగిస దర్జాగా బయటికొచ్చి, అన్న ముందు నుంచి వెళ్ళి, రెండో బోనులోని చేప తలకాయని అందుకుని, తలుపు పడేలోపే వెనక్కి దూకి పొదల్లో మాయమైంది. "యల్లా!" అని అన్న టెస్టుకి పరుగెత్తాడు. నాకు మాత్రం అమ్మ ముందు పెట్టెతో నిలబడినట్టే అనిపించింది.

మధ్యాహ్నం ఎప్పుడో ముదీర్ వచ్చి రెండు ఖాళీ బోనుల్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోపు అన్న లడ్డూల డబ్బాతో ఊడిపడ్డాడు. "పాసైన సార్! ముంగిస ఎదురొచ్చింది, పాసైన!" ఇక దాచడానికేం మిగల్లేదు. "సైన్సు చదువుకున్నవాణ్ణి నేను! జంతువు అడ్డంగా పరుగెడితే లైసెన్సులొస్తాయా?" అని ముదీర్ మా ఇద్దరినీ కడిగేసి, లడ్డూ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను బట్టలు సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చివరిసారి బోను పెడదామని వెళితే గట్టు మీద కొత్త టైతో ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారు. మా ముదీర్! నన్ను చూసి దగ్గాడు. "ఏవయ్యా, అది... ఏ పక్క నుంచి వస్తుంది?" ఆ రోజు విల్లాల యజమానితో మా కంపెనీ కాంట్రాక్టు రెన్యువల్ మీటింగు. నేను మర్యాదగా చోటు చూపించి, పొద వెనక్కి వెళ్ళి కర్రతో కదిపాను. ముంగిస ముదీర్ బూట్ల ముందు నుంచే పోయింది. ఆయన చుట్టూ చూసి, ఎవరూ చూడట్లేదనుకుని, అది వెళ్ళిన చోటు తాకి కళ్ళకద్దుకున్నాడు.

కాంట్రాక్టు దక్కింది. "ముంగిస ఇంకా దొరకలేదు కదా, దొరికేదాకా ఉండండి" అన్నాడట యజమాని. దాంతో నా ఉద్యోగమూ పర్మనెంటైంది. తొందరపడి జంతువుని కంగారుపెట్టొద్దని ముదీర్ ప్రత్యేకంగా చెప్పాడు కూడా.

చలికాలంలో అది తనంతట తానే మళ్ళీ బోనెక్కింది. ఈసారి నిజంగానే జంతువుల ఆఫీసువాళ్ళకి అప్పగించాం. అప్పుడు తట్టింది నాకు. అన్నకి ఎదురొచ్చింది, ముదీర్‌కి ఎదురొచ్చింది. తలుపెత్తేవాణ్ణీ పొద కదిపేవాణ్ణీ నేనే కాబట్టి నాకెప్పుడూ తోకే కనిపించింది. బండి కదులుతుంటే వెనక జాలీలోంచి అది తిన్నగా నా మొహంలోకి చూసింది. కళ్ళు చెమర్చాయంటే నవ్వుతారు గానీ, చెమర్చాయి. ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని. బయటి నుంచి వచ్చిపడ్డ జంతువులు ఎంత నష్టం చేస్తాయో కొత్త కుర్రాళ్ళకి గంభీరంగా పాఠం చెబుతాను. ఏదైనా ముఖ్యమైన పని ఉన్న పొద్దున మాత్రం దారి కాకపోయినా పికప్‌ని ఆ కాలువ మీదుగా పోనిచ్చి, మలుపు దగ్గర నెమ్మది చేస్తాను. వెళ్ళిపోతూ మన వైపు చూస్తే అది ఎదురొచ్చినట్టా కాదా అని అమ్మని అడగాలని ఎన్నిసార్లో ఫోన్ తీశాను. కాదంటుందేమోనని అడగలేదు.