ఏ వేలికమ్మా ఆ ఉంగరం?

చేవెళ్ల రోడ్డు పొడవునా పొలాలు ప్లాట్లుగా మారుతున్న రోజులవి. నగరంలో కంప్యూటర్ కంపెనీలు లేస్తుంటే, మా మొయినాబాద్ వైపు భూమి కొనేవాళ్లు కార్లలో దిగి, మాట కలపడానికి ఇంటింటికీ చీరలు, వెండి కుంకుమ భరిణెలు పంచేవారు. ఎవరైనా ఏదైనా ఉత్తగనే ఇస్తారంటే ఇట్టే నమ్మేవాళ్లం. కాబట్టి నా తప్పులో సగం ఆ కాలానిదే. (మిగతా సగం నాదే, ఒప్పుకుంటాను.)

నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దగ్గర పడ్డాక, నా కూతురి పలక మీద. ఆ ధైర్యంతోనే, చేవెళ్లలో కిరాయి ఇంట్లో పెట్టిన ఒక పరిశోధన దవాఖానలో ఆయాగా చేరాను. పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లు వాడుకునే కొత్త సాధనాన్ని అక్కడ పరీక్షిస్తున్నారు. చదువు వచ్చా అని డాక్టరమ్మ అడిగితే మస్తుగ వస్తదన్నాను. ఆమె ఒక కాగితం చేతిలో పెట్టి, ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు చెప్పమంది. గురువారానికి ఎవరూ రాకపోతే పరిశోధన వేరే ఊరికి పోతుందనీ, దానితో నా కొలువూ పోతుందనీ కూడా చెప్పింది. కాగితం నిండా పొడుగు పొడుగు మాటలు. మొదటి లైన్లో ‘ఉంగరం’, ‘ఉచితం’ అన్న రెండు మాత్రం నోటికి అందాయి. అంతవరకు చాలనుకున్నాను.

ఆలూరు నుంచి సురంగల్ దాకా చాటాను, దవాఖానలో ఉంగరం ఇస్తారని. గురువారం పొద్దున్నే వరండా నిండిపోయింది. మా అత్త వేలికి సబ్బు రుద్ది, పాత ఉంగరం తీసేసి, అందరికన్నా ముందు కూర్చుంది. జనాన్ని చూసి మురిసిపోయిన డాక్టరమ్మ, చిన్న గాజంత ఉన్న మెత్తటి రబ్బరు చుట్టను బయటకు తీసింది.

అత్త దాన్ని ఎగాదిగా చూసి అడిగింది: “ఏ వేలికమ్మా గిది? బొటనవేలికి గూడ లూజైతది గద.”

“వేలికి కాదు అవ్వా,” అని డాక్టరమ్మ అది ఎక్కడ పెట్టుకునేదో మెల్లగా చెప్పింది.

వరండా అంతా నా వైపు తిరిగింది. అత్త లేచి కొంగు దులుపుకుంది. “గీ వయసుల నన్ను గిందుకా తోలుకొచ్చినవు?”

ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. నా కొలువు వాళ్ల వెంటే గడప దాటుతోంది. ఇక దాచలేక, కాగితం మొత్తం చదవలేదని డాక్టరమ్మకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. ఇప్పుడు చదువు, అందరూ వినేలా చదువు అంది. మనసులో చదువుకోవడం నాకప్పటికి రాదు. ఎంత గుట్టు మాటైనా గొంతెత్తి, ఒక్కో అక్షరం కూడబలుక్కోవలసిందే. “లైం... గి... క...” అనగానే ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. “సం... క్ర...” దగ్గర నేను ఆగితే, తర్వాతేమిటా అని చెప్పులు వేసుకున్నవాళ్లూ ఆగారు. ఈ ఉంగరం గర్భాన్ని ఆపడానికే గాని సుఖవ్యాధులను ఆపదు, వాటికి మగవాళ్లు నిరోధ్ వాడవలసిందే, ఇష్టం లేనివాళ్లు చేరనక్కరలేదు అని చివరిదాకా లాగేసరికి ఒళ్లంతా చెమట. సగం మంది వెళ్లిపోయారు, సగం మంది కూర్చున్నారు.

కొండకల్ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు భార్య, చిన్న వయసు పిల్ల, కూర్చున్నవాళ్లలో ఉంది. నా పక్కకు జరిగి మెల్లగా అంది: “అక్కా, ఆ రోగాల కాడిది జర మల్ల సదువు. ఇంటికి పోయినంక ఆయనకు చెప్పాలె.”

మళ్లీ చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొలువు నిలిచింది, కాగితం చివరిదాకా చదివాకే ఊళ్లోకి పోవాలన్న షరతు మీద. అత్త మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు పేపరు కళ్లతోనే గబగబా చదివేస్తాను. ఒక్కో అక్షరాన్ని తడుముకుంటూ వరండాలో నిలబడ్డ ఆ ఆడమనిషిని తలచుకుంటే నవ్వొస్తుంది. ఆమెకు గబగబా చదవడం వచ్చి ఉంటే, ఆ పిల్లకు ఒక్క ముక్కా అందేది కాదేమో.