దుర్సున్ అంటే ఉండనీ

ఇల్లందు దాటాక టేకు అడవి మొదలయ్యే చోట ఒక తండా. అక్కడి బాలి కొడుకు పేరు దుర్సున్. బడిలో టీచరమ్మ కూడా రెండోసారి అడిగి రాసుకుంది.

వాడికి ముందు బాలికి ఇద్దరు కొడుకులు పుట్టి పోయారు. ఇద్దరికీ చనిపోయిన తాతల పేర్లే పెట్టారు. ఇద్దరూ జ్వరంతోనే పోయారు. పోయే ముందు, పొద్దుగూకే వేళ, వాగు అవతలి నుంచి ఎవరో ఆ పేరు పెట్టి పిలిచారు. ఇరుగుపొరుగే అనుకుని బాలి రెండుసార్లూ "ఆఁ" అని పలికింది.

మూడోసారి నెలలు నిండుతున్నప్పుడు అత్త సోమ్లి అన్నది, "పోయినోళ్ల పేర్లు పెడితిమి. అవి అడివికి ఎరికేనాయె. ఈసారి దానికి తెల్వని పేరు పెట్టాలె."

బాలి భర్త మంగీలాల్ అప్పుడు దుబాయిలో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. ఫోన్‌లో ఈ మాట విని నవ్వాడు. తర్వాత ఒక సంగతి చెప్పాడు.

"మా ఫోర్మన్ తుర్కీ దేశపాయన. పేరు దుర్సున్. ఆయనకంటె ముందు పుట్టినోళ్లు ఒక్కలు బతకలేదంట. దుర్సున్ అంటే ఆళ్ల భాషల 'ఉండనీ' అని. ఈడన్న ఉండనీ అని తల్లి పెట్టుకున్నదంట."

"ఉన్నడా మరి?"

"ఉన్నడా ఏంది, పొద్దుగాల లేస్తే మమ్ముల తిట్టుడే ఆయన పని."

"అయితే గదే పెడ్దాం," అన్నది బాలి.

పిల్లవాడు బడి ఈడుకు వచ్చాడు. రోజూ సాయంత్రం పత్తిచేను గట్టున నిలబడి బాలి వాణ్ని గొంతెత్తి పిలిచేది. ఆ పేరు చేల మీదుగా పోయి, వాగు దాటి, టేకు ఆకుల్లో ఎక్కడో ఇంకేది.

ఆ వానాకాలం వాడికి జ్వరం తగిలింది. దవాఖానాలో మందులిచ్చి, తెల్లారేసరికి తగ్గకపోతే కొత్తగూడెం తీసుకుపొమ్మన్నారు. పొద్దుగూకింది. ఆకు కదలడం లేదు. బాలి తడిగుడ్డ పిండుతుండగా వాగు అవతలి నుంచి పిలుపు వచ్చింది.

"దుర్సున్..."

అచ్చం తనలాగే, చివర కాస్త సాగదీసి. అడవి తన దగ్గరే నేర్చుకుంది.

వాడు కళ్లు తెరిచి తల్లిని చూశాడు. "యాడీ, నువ్వు ఈడనే ఉన్నవ్ గదా. మరి పిలిచేదెవరు?"

"పలుకకు బిడ్డా."

అరచేత్తో వాడి నోరు మూసింది. వేళ్ల కింద ఊపిరి కాలుతోంది.

మళ్లీ పిలుపు. ఈసారి వాకిట్లోనే. ఒక గొంతు కాదు, రెండు. పసి గొంతులు, తను ఎరిగినవే.

అప్పుడు బాలికి మంగీలాల్ చెప్పింది గుర్తొచ్చింది. ఆ గొంతులు ఏమంటున్నాయో వింది. ఉండనీ. ఉండనీ. ఆమె చెయ్యి వదులైంది. లేచి, తలుపు తీసి, ఎవరూ లేని వాకిలితో అన్నది.

"అవ్, ఉండనీండ్రి."

తెల్లారేసరికి దుర్సున్‌కు చెమట పట్టి జ్వరం దిగింది. గంజి అడిగాడు.

ఇప్పటికీ పొద్దుగూకితే ఆ పిలుపు వస్తుంది. రాని రోజున బాలి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, తలుపు తెరిచి, అడవి వైపు చూస్తూ ఉంటుంది.