బడికొక న్యాయనిర్ణేత

మొన్న మా కోడలు బడి నుంచి వస్తూనే చేతిసంచీ కుర్చీలో పడేసి, "చూసేరా మావయ్యగారూ, డిబేట్ పోటీలకి ఒక్కో స్కూలూ తన జడ్జిని తనే తెచ్చుకోవాలంట. ఆదివారం పూటా నన్నే వెళ్లమంటున్నారు" అని విసుక్కుంది. తను మామూలుగానే అంది. నాకు మాత్రం చేతిలో కాఫీ చల్లారిపోయింది. మా తాలూకాలో ఈ రూలు మొదట రాసిన మహానుభావుణ్ని నేనే మరి. ఆ సంగతి తనకి చెప్పలేదు. చెబితే మిగతాదీ చెప్పాలి.

డెబ్బైల చివరి మాట. రాజోలు వైపు ఒక హైస్కూల్లో నేను తెలుగు మాస్టర్ని. చుట్టుపక్కల బళ్లన్నిటికీ వక్తృత్వ పోటీలు ఏటా మా బడిలోనే జరిగేవి. న్యాయనిర్ణేతలు ముగ్గురూ మావాళ్లే, బహుమతులూ మా పిల్లలకే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని ఊరికే అన్నారా? మిగతా బళ్లవాళ్లు మొహం మీదే అడిగేసరికి మా హెడ్మాస్టారు సిగ్గుపడి, కొత్త నియమాలు రాసే పని నాకు అప్పగించారు. కుర్రతనం, పైగా ఛందస్సు చెప్పే బుర్ర, రాయమంటే ఊరుకుంటానా? పిల్లల్ని పంపే ప్రతి బడీ న్యాయనిర్ణేతగా ఒక మనిషినీ పంపాలి, ఎవరి బడి పిల్లలకి వాళ్లు మార్కులు వేయకూడదు, మనిషిని పంపని బడి పిల్లలు మాట్లాడటానికి వీల్లేదు అని రాసి, అన్ని బళ్లకీ పంపాను. హెడ్మాస్టారు "భేష్" అన్నారు. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ ఏడాది పోటీ విషయం, మన ఏటికి వంతెన కావాలా, పడవ చాలా అని. పోటీ రోజు పొద్దున్నే ఏటి నడుమ లంకలోంచి ఒక పిల్ల వచ్చింది. ఎనిమిదో తరగతి, రెండు జడలు, పడవ దిగేటప్పుడు తడిసిన పరికిణీ. వెంట వాళ్ల బడి అటెండరు గారు. "మా మాస్టారికి జొరవండీ. ఆయన బదులు జడ్జీగా నన్నెళ్లమన్నారండీ" అంటూ వాళ్ల హెడ్మాస్టరు ఉత్తరం అందించారాయన. నేను చదివి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"మీరు జడ్జీ ఏవిటండీ?" అన్నాను.

"ఆయ్. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనేనండీ. ఈ పిల్లకి మాటాడ్డం నేర్పిందీ నేనేనండీ. నేను మార్కులేసేది వేరే పిల్లలకే గదండీ, ఇంక పేచీ ఏవుందండీ?"

నిజానికి ఏ పేచీ లేదు. న్యాయనిర్ణేత ఉపాధ్యాయుడే అయి ఉండాలని నేనెక్కడా రాయలేదు. అయినా రూలు ఒప్పుకోదన్నాను. అబద్ధం. హెడ్మాస్టర్ల పక్క కుర్చీలో ఖాకీ చొక్కా మనిషిని, అందులోనూ ఊరవతలి పేటలోంచి వచ్చిన మనిషిని కూర్చోబెడితే ఎవరేమంటారోనని నా భయం. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లందరి తరఫునా నేనే అనేసుకున్నాను. "పోనీ పిల్లనైనా మాటాడనివ్వండి మాస్టారండీ, తెల్లారగట్ల లేచొచ్చింది" అని బతిమాలారు. "వచ్చే ఏడు చూద్దాం లెండి" అన్నాను. ఇద్దరూ వరండాలో కిటికీ దగ్గర నిలబడి మిగతా పిల్లల ఉపన్యాసాలు విన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక న్యాయనిర్ణేత కడుపునొప్పి అంటూ ఇంటికి వెళ్లిపోయారు. కుర్చీ ఖాళీ అయింది. అప్పుడైనా నాకు బుద్ధి రావద్దూ? బహుమతులు ఇప్పించిన కొబ్బరి షావుకారు గారిని బతిమాలి అందులో కూర్చోబెట్టాను. ఆయన నాలుగో పిల్లాడికే గురక తీశారు. లేచి, అందరికీ పదికి ఏడేసి వేశారు. తలెత్తితే కిటికీలోంచి అటెండరు గారు నన్నే చూస్తున్నారు. కోపంగా చూసినా బాగుండేది. పిల్ల భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా తీసుకెళ్లిపోయారు.

సాయంత్రం లంక మీదుగా పోయే పడవలో ఏటి అవతల మా అత్తవారింటికి వెళ్లాలని రేవుకి వచ్చాను. గట్టు దిగబోతుంటే ఆ పిల్ల గొంతు వినిపించి బడ్డీకొట్టు పక్కన ఆగిపోయాను. పడవ కోసం కూర్చున్న జనం ముందు నిలబడి, "గౌరవనీయులైన న్యాయనిర్ణేతలారా" అని మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్నది చేపలమ్మేవాళ్లూ, కూలికెళ్లి వస్తున్నవాళ్లూ. వరదలొస్తే బడి ఎన్నాళ్లు మూస్తారో, పురిటి నొప్పులొచ్చిన మనిషిని పడవలోకి ఎలా ఎక్కిస్తారో తడుముకోకుండా చెప్పింది. చివర్న, "వంతెనుంటే జొరవొచ్చిన మా మాస్టారు నిన్ననే ఆస్పత్రికెళ్లేవారండీ. ఆయనొచ్చుంటే ఇవేళ నన్నూ మాటాడనిచ్చేవారండీ. అందుకని వంతెన కావాలండీ" అంది. రొయ్యల గంప దగ్గరున్న ముసలావిడ, "పదికి పదేసెయ్యండి, ఇంకా చూస్తారేటి!" అని అరిచింది. మా బడిలో ఆ రోజు అంత చక్కగా ఒక్కరూ మాట్లాడలేదు.

పడవ వచ్చింది. నాలుగడుగులు దిగి "తప్పయిపోయిందండీ" అంటే సరిపోయేది. అందరూ ఎక్కాక అటెండరు గారు నన్ను చూశారు. పిల్లని కాస్త జరిపి, "రండి మాస్టారండీ, నా పక్కన జాగా ఉందండీ" అని పిలిచారు. పనేదో గుర్తొచ్చినవాడిలా చెయ్యూపి వెనక్కి తిరిగాను.

మరుసటి ఏడు నియమంలో 'బడిలో పనిచేసే ఎవరైనా' అని చేర్చాను. రెండు నిమిషాల పని. ఆ లంక బడి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. పిల్ల ఏమైందో కనుక్కోవడానికి నాకు మొహం చెల్లలేదు. కాలం గడిస్తే తప్పులు పాతబడతాయంటారు గానీ, ఇది పాతబడలేదు, నేనే పాతబడ్డాను.